డౌట్ల పెట్టె

జనవరి 19

ఈరోజు రహీల్ వచ్చాడు. నేనే పిలిపించాను. ప్రణయ్ గదిలో బల్ల కింద ఉన్న పాత లాప్‌టాప్‌ను ఏం చేయాలో నాకు తెలియడం లేదు. దాని తెర ఎప్పుడో పగిలిపోయింది. అయినా నడుస్తూనే ఉంటుంది. నవంబరు నుంచి ఆ గదిలో చప్పుడు చేసేది అదొక్కటే.

రహీల్ చెప్పులు విడిచి, గుమ్మం దగ్గర కాసేపు నిలబడి లోపలికి వచ్చాడు. ఇంజనీరింగులో నాలుగేళ్లూ ప్రణయ్‌తో కలిసి ఈ మంచం మీదే కూర్చుని చదివిన పిల్లాడు. మంచం మీద కూర్చోలేదు. నేల మీదే కూర్చున్నాడు.

"ఆంటీ, గిది ప్రణయ్ సర్వరు. వాని వెబ్‌సైటు ఈడికెళ్లే నడుస్తది. బయట ఎవరన్న ఫోన్ల తెరిస్తే, మన ఇంటర్నెట్ లైను పట్టుకొని గీ పెట్టెకాడికే వస్తరు" అన్నాడు.

"మనింటికా?"

"ఆ, మనింటికే. వేరేవాళ్ల జాగల పెట్టుడెందుకు, మనిల్లే దుకాణం అంటుండె గద."

ఇంటర్ పిల్లలు లెక్కల్లో, ఫిజిక్స్‌లో సందేహాలు అడిగితే ప్రణయ్ జవాబులు రాసేవాడు. దానికి 'డౌట్ల పెట్టె' అని పేరు పెట్టాడు. అప్పట్లో వాడు ఈ సంగతంతా చెబుతుంటే నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఊ కొట్టాను. ఏం చెప్పాడో ఇప్పుడు గుర్తు తెచ్చుకుందామంటే రావడం లేదు.

"బంద్ జెయ్యమంటరా?"

వద్దన్నాను.

కరెంటు పోయి వస్తే ఏ బొత్తం నొక్కాలో చూపించాడు. ప్రణయ్ ఫోన్లో సిమ్ లేదు కానీ ఇంట్లో వైఫైకి పని చేస్తుంది. అందులో ఒక గుర్తు నొక్కితే వెబ్‌సైటు తెరుచుకుంటుంది. ప్రణయ్ పేరుతోనే తెరుచుకుంటుంది.

జనవరి 20

కరెంటు రెండుసార్లు పోయింది. రెండుసార్లూ నేనే నడిపించాను.

జనవరి 26

ప్రణయ్ వాళ్ల నాన్న ఆ గదిలోకి రాడు. హాల్లోనే కూర్చుని అన్నాడు, "నాగమణి, గా పెట్టె ఫ్యాను చప్పుడు నాకు శెవులల్ల మోగుతాంది. బందు జెయ్యరాదు."

"మీకు హాల్లోకి వినిపిస్తుందా?"

"ఇనిపిస్తది."

నేను హాల్లో కూర్చుని విన్నాను. ఏమీ వినిపించలేదు.

ఫిబ్రవరి 2

ఇంతకుముందు చాలామంది అడిగేవారట. జవాబులు ఆగిపోయేసరికి ఒక్కొక్కరూ మానేశారు. ఒకమ్మాయి మాత్రం మానలేదు. పేరు ఆఫ్షీన్. ఊరు లాల్‌గడి మలక్‌పేట్. నవంబరు, డిసెంబరు, జనవరి, అన్ని నెలల్లోనూ అడుగుతూనే ఉంది. చివరిది నిన్న రాసింది.

"అన్నా, డౌటు కాదు. జవాబు లేకుంట శాన దినాలైంది. నీ పానం మంచిగున్నదా?"

మళ్లీ మళ్లీ చదివాను. వాడి గురించి వాడినే అడిగిన మనిషి ఈ రెండున్నర నెలల్లో ఈ పిల్ల ఒక్కతే. మిగతా అందరూ నన్ను అడుగుతారు, ఎలా జరిగింది, టిప్పర్ ఎటు నుంచి వచ్చింది, హెల్మెట్ ఉందా అని.

"బాగున్నాను" అని రాశాను.

ఒక్క మాటే. అందులో తప్పేముంది.

ఫిబ్రవరి 3

వెంటనే మూడు డౌట్లు పంపింది.

ఫిబ్రవరి 5

మా స్కూల్లో ఫిజిక్స్ చెప్పే లింగస్వామి గారికి చూపించి జవాబులు రాయించుకున్నాను. ఎవరికి మేడం అన్నారు. చుట్టాలమ్మాయికి అన్నాను. ఇంటికొచ్చి ఎక్కించాను. నేను తెలుగు పంతులమ్మను. ఆ గుర్తులు, బాణాలు నాకు ఒక్కటీ అర్థం కాలేదు. అక్షరం అక్షరం చూసి ఎక్కించాను.

"షుక్రియా అన్నా" అని వచ్చింది.

ఆ తర్వాత బజారుకెళ్లి కూరగాయలు తెచ్చాను. నవంబరు తర్వాత నా అంతట నేను బజారుకెళ్లడం ఇదే.

మార్చి 8

రంజాన్ రోజాలు కదా, నీరసంగా ఉంటుందని రాసింది. తెల్లారకముందు తినే సహరీకి లేచినప్పుడే కాసేపు చదువుకుంటుందట. ఆ వేళకే నీళ్లు బాగా తాగమని రాశాను. రాసి, ఏడాది పొడుగునా ప్రణయ్‌కి నేను చెప్పిన మాటే అదని గుర్తొచ్చింది.

మార్చి 15

"అన్నా, ఈ నడుమ నువ్వు పుస్తకం లెక్క రాస్తున్నవ్. ఇంతకుముందు తమాషాలు జేస్తుంటివి."

వాడి పాత జవాబులన్నీ కూర్చుని చదివాను. ఎలా రాసేవాడో నేర్చుకున్నాను. వాడు 'అర్థమైందా' అనడు, 'ఎక్కిందా' అంటాడు. ఇకమీదట నేనూ అదే అంటాను. జవాబులు వస్తున్నాయని చూసి పాతవాళ్లు ఒకరిద్దరు మళ్లీ అడుగుతున్నారు, వాళ్లకీ అలాగే రాస్తాను.

ఆఫ్షీన్ పరీక్షలు అయ్యేవరకే. మధ్యలో ఆపితే పాపం.

మే 6

ఇంటర్ పాసైంది. ఎంసెట్ రాసింది. ఇక్కడితో ఆపేయాలి.

మే 13

ర్యాంకు వచ్చిందట. మంచి ర్యాంకేనని లింగస్వామి గారు అన్నారు. మేడ్చల్ వైపు కాలేజీల్లో కంప్యూటర్ సీటు రావచ్చట. వేసవి సెలవులే అయినా అడ్మిషన్ల పనికి స్కూలుకు వెళ్లినప్పుడు స్టాఫ్ రూములో అందరికీ చాక్లెట్లు పంచాను. ఏంటి సంగతి మేడం అని అడిగారు. ఊరికే అన్నాను.

జూన్ 12

స్కూళ్లు తెరిచారు. సాయంత్రం రహీల్ కొంపల్లి ఆఫీసు నుంచి ఫోను చేసి, "పెట్టె నడుస్తున్నదా ఆంటీ?" అన్నాడు. నడుస్తోంది అన్నాను. జవాబులు రాస్తున్నట్టు చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు.

జూన్ 24

"అన్నా, మా అబ్బా ఒప్పుకుంటలేడు. మా ఇంట్ల ఎవరు కాలేజీ మొఖం సూడలే. ఆడపిల్ల బస్సుల పోయి వచ్చుడు ఎట్ల అంటున్నడు. నీకు చదువు చెప్పిన అన్నను రమ్మను, గాయనతోని మాట్లాడినంక సూద్దాం అన్నడు. అన్నా, ఒక్కసారి రావా? సత్తార్ కూరగాయల తోట అంటే ఊర్ల ఎవరన్న సూపిస్తరు."

జూన్ 25

వస్తానని రాశాను. "ఆదివారం పొద్దున వస్తా. నాన్నకు చెప్పు. ఎక్కిందా?"

రాసేటప్పుడు నా మనసులో అబద్ధమేమీ లేదు. వాడు వెళతాడనే అనుకున్నాను. ఏ చొక్కా వేసుకుని వెళతాడని కూడా ఆలోచించాను.

జూన్ 28

నీలం చొక్కా ఇస్త్రీ చేశాను. ఊరికే, ముడతలు పడి ఉంటే.

జూన్ 29, ఆదివారం

తలనొప్పి. ఎటూ వెళ్లలేదు.

సాయంత్రం వచ్చింది: "అన్నా, పొద్దటి సంది సూస్తున్నం. తొవ్వ దొరకలేదా?"

జూన్ 30

"అనుకోకుండా ఊరెళ్లాల్సి వచ్చింది. ఇంకోసారి వస్తా" అని రాశాను. అర్థం చేసుకుంటుంది. తెలివైన పిల్ల.

జూలై 1

ఇంటర్నెట్ ఆయన వచ్చి పాత లైను తీసేసి కొత్తది వేసిపోయాడు. గోడకు కొత్త డబ్బా బిగించాడు. వాళ్లు కంపెనీ మారారట, కాలనీ అంతటికీ ఇలాగే వేస్తున్నారట. ఆయన వెళ్లగానే ప్రణయ్ ఫోన్లో గుర్తు నొక్కి చూశాను. డౌట్ల పెట్టె చక్కగా తెరుచుకుంది. ముందుకంటే వేగంగా తెరుచుకుంది.

జూలై 4

ఏమీ రాలేదు.

జూలై 7

కౌన్సెలింగ్ మొదలైందని పేపర్లో ఉంది. కాలేజీలు ఎంచుకునే పనిలో ఉండి ఉంటుంది. ఏ కాలేజీ ముందు పెట్టాలో లింగస్వామి గారిని అడిగి రాసి పెట్టాను. జవాబు లేదు.

జూలై 11

ఏమీ రాలేదు. పెట్టె బాగానే ఉంది. చూశాను.

జూలై 19

సీటు వచ్చేసి ఉంటుంది. పని అయిపోయాక ఎవరైనా మళ్లీ అడుగుతారా. నా దగ్గర చదివిన పిల్లలు కూడా అంతే. ఇలాగే జరగాలి. మంచిదే.

జూలై 20

ఆ పిల్ల ఒక్క మాట చెప్పి ఉండాల్సింది.

ఆగస్టు 3

ఇప్పుడు ఎవరూ ఏమీ అడగడం లేదు. పెట్టె ఆపేయనా అని ఆయన్ని నేనే అడిగాను. ఆయన పేపరు మడిచి, "నన్నెందుకు అడుగుతున్నవ్" అన్నాడు.

ఆపలేదు.

ఆగస్టు 24

రహీల్ వచ్చాడు. వస్తూనే, "ఆంటీ, పెట్టె ఎప్పుడు బంద్ జేసిన్రు?" అన్నాడు.

"బంద్ చేయలేదే. నడుస్తోంది."

"లేదు ఆంటీ, తెరుసుకుంటలేదు. నెల కిందట్నే సూసిన. మీరే బంద్ జేసిన్రనుకొని అడగలే."

ప్రణయ్ ఫోను తెచ్చి, తెరిచి చూపించాను. రహీల్ తన ఫోన్లో చూపించాడు. ఎంతసేపు చూసినా గుండ్రం తిరుగుతూనే ఉంది.

గోడకున్న కొత్త డబ్బా చూసి తల పట్టుకున్నాడు. "గిది మార్చినప్పుడే పోయింది. ఇంతకుముందు మనింటికి బయట సొంత నంబరు ఉండె. కొత్త కంపెనీ కాలనీ మొత్తానికి కలిపి ఒక్కటే నంబరు ఇచ్చింది. బయటికెళ్లి ఎవరొచ్చినా, ఏ ఇంటికి పోవాల్నో తెల్వక ఆడికాడికే ఆగిపోతరు. ఇంట్ల ఉన్నోళ్లకైతే తెరుసుకుంటది, పెట్టె పక్కనే ఉన్నది గద."

నేను గోడకు ఆనుకున్నాను. అంటే జూలై మొదటి నుంచీ ఆ పిల్ల ఏం రాద్దామని వచ్చినా మా గడప దొరకలేదు. నేను లోపల కూర్చుని, తలుపు తెరిచే ఉంది, ఎవరూ రావడం లేదేమని చూస్తున్నాను.

రహీల్ ప్రణయ్ ఫోను తీసుకుని వేలితో పైకీ కిందకీ జరుపుతున్నాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"ఆంటీ... ప్రణయ్ పేరు మీద గివి ఎవరు రాసిన్రు?"

వేలితో ఇంకొంచెం కిందికి జరిపాడు.

"ఫిబ్రవరి, మార్చి... ఆంటీ, ఆదివారం వస్త అని రాసి ఉంది."

"నేనే."

ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర అన్నాడు, "ఆ పిల్లకు తెల్వాలె ఆంటీ. మీరు జెప్తరా, నేను జెప్పాల్నా?"

ఆగస్టు 25

స్కూలుకు సెలవు పెట్టాను. మేడ్చల్ దాకా బస్సు. అక్కణ్నుంచి శామీర్‌పేట రోడ్డులో ఆటో. దారంతా వెంచర్ల బోర్డులే. ఊరి మలుపు దగ్గర ఆటో దిగాను.

ఆ ఆదివారం కూడా నేను ఇక్కడిదాకా వచ్చాను. తలనొప్పి అబద్ధం. అరటిపళ్లు కొనుక్కుని, ఈ మలుపులో దిగి, వాళ్లింటికి పోయి నేనెవరినని చెప్పాలో తెలియక అదే ఆటోలో వెనక్కి వెళ్లాను. ఎవరూ చదవని ఈ పుస్తకంలో కూడా నిజం రాసుకోలేకపోయాను.

సత్తార్ తోట చూపించారు. ఒకవైపు ప్లాట్ల హద్దురాళ్లు, మరోవైపు టమాట, బెండ. ఆయన టమాటాలు డబ్బాల్లోకి సర్దుతున్నాడు. నా వయసే ఉంటుంది. గడ్డం సగం నెరిసింది.

"నేను ప్రణయ్ వాళ్ల అమ్మను" అన్నాను.

చేతిలో టమాట డబ్బాలో పెట్టి లేచి నిలబడ్డాడు. "గా పిలగాడు రానీకె మొఖం లేక తల్లిని పంపిండా?"

"కాదన్నా..."

"ఆ ఐతారం మీ కొడుకొస్తడని మార్కెట్‌కు పోలేదమ్మా నేను. మా బామ్మర్దిని పిలిపిచ్చిన, చదువుకున్న పిలగాడు వస్తుండు, నువ్వు కూడ ఉండు అని. బిర్యానీ జేయించిన. కాలేజీల సంగతి నాకేం ఎరుక? ఒక్క మనిషి ఇంటికొచ్చి, నా ఎదురుంగ కూసొని, భయం లేదు పంపుండ్రి అంటే పంపుదామనే ఉంటి."

"పంపేవారా?"

"ఒట్టిగనే బిర్యానీ వండుతనా అమ్మా?"

ఆయన ఆగలేదు.

"పొద్దుగూకినా రాలే. మా బామ్మర్ది నవ్విండు. ఎవడో పోరడు నీ బిడ్డకు ఫోన్ల మాయమాటలు రాస్తుంటే నువ్వు దావత్ పెట్టుకొని కూసున్నవా అన్నడు. ఊర్ల పడ్డది ముచ్చట. ఫోను గుంజుకున్న. దాచి దాచి పక్కింటి పిల్ల ఫోన్ల సూసిందంట, తెరుసుకోలేదంట. మోసగాడు, దుకాణం మూసుకొని పోయిండన్నరు. ఇగ చదువు ముచ్చట ఎత్తనియ్యలే నేను. ఇప్పుడు అన్ని సీట్లు నిండినయ్."

"నా కొడుకు మోసగాడు కాదన్నా" అన్నాను. "వాడు పోయిన నవంబరులోనే చనిపోయాడు. గండిమైసమ్మ దగ్గర. బండి మీద వస్తుంటే టిప్పర్ కొట్టింది. అప్పటి నుంచి మీ అమ్మాయికి రాసింది నేను. వస్తానని రాసింది కూడా నేనే."

ఆయన ఒక ఖాళీ డబ్బా బోర్లించి, "కూసోండ్రి" అన్నాడు. తను మట్టిలోనే కూర్చున్నాడు.

"ఒక్కడేనా?"

"ఒక్కడే."

"యా అల్లా" అని, మొహం తుడుచుకుని, ఇంటి వైపు తిరిగి కేకేశాడు. "ఆఫ్షీన్, ఇటు రా బేటీ."

ఆ పిల్ల ముందే గుమ్మంలో ఉంది. అంతా విన్నది. నేను ఊహించుకున్న దానికంటే చిన్నపిల్ల. తలమీద దుపట్టా బిగించి పట్టుకుని, దగ్గరికి రాకుండా అక్కడి నుంచే అడిగింది.

"నవంబర్‌ల ఏ తారీఖు?"

"పదిహేడు."

ఆమె లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదిపింది. "పానం మంచిగున్నదా అని అడిగితే బాగున్నా అని రాసింది మీరా?"

"నేనే తల్లీ."

"ఐతారం నాడు నా తోని అబద్ధం జెప్పిండని, భయపడి పారిపోయిండని అనుకున్న. రోజు తిట్టుకున్న. దువా జేసేటప్పుడు కూడ వానికి మంచి జరగొద్దని అడిగిన." దుపట్టా కొసతో కళ్లు తుడుచుకుంది. "సచ్చిపోయినోన్ని తిట్టించిన్రు ఆంటీ నా తోని."

లోపలికెళ్లిపోయింది. కాసేపటికి ఏడుపు వినిపించింది. నవంబరులో మా ఇంట్లో అందరూ ఏడ్చిన ఏడుపు అది. ఆ పిల్ల ఇప్పుడు ఏడుస్తోంది.

సత్తార్ చాయ్ తెప్పించాడు. నేను తాగలేకపోయాను. వచ్చే ఏడు ఫీజు దగ్గర్నుంచి అన్నీ నేను చూసుకుంటానని మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు సూద్దామమ్మా. బామ్మర్దికి మాత్రం నేనే జెప్త, పిలగాడు మోసగాడు కాదని. మీరు ఇగ ఏం రాయకుండ్రి."

మలుపు దాకా తన బండి మీద దింపి వెళ్లాడు.

ఆగస్టు 26

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

ఆగస్టు 29

రహీల్ ఇంటర్నెట్ ఆయనతో మాట్లాడి మా ఇంటికి మళ్లీ సొంత నంబరు ఇప్పించాడు. ఇప్పుడు బయటి నుంచి తెరుచుకుంటోంది. మొదటి పేజీలో నా పేరుతో రాశాను. ప్రణయ్ చనిపోయిన తారీఖు రాశాను. ఆ తర్వాతి జవాబులు వాడివి కావని, వాళ్ల అమ్మ నాగమణి రాసిందని రాశాను. క్షమించమని రాసి తీసేశాను. అడిగే హక్కు ఉందో లేదో తెలియలేదు.

ఒక వారం అలా ఉంచి ఆపేస్తాను.

ఆగస్టు 31, ఆదివారం

మధ్యాహ్నం వంటింట్లోంచి వచ్చేసరికి ఆయన ప్రణయ్ గదిలో ఉన్నాడు. వాడి కుర్చీలో కూర్చుని, వాడి ఫోను కళ్లద్దాలకు దగ్గరగా పెట్టుకుని చదువుతున్నాడు. ఈ పది నెలల్లో ఆయన ఆ గడప దాటడం ఇదే. సత్తార్ వాళ్లింటి సంగతి మొన్న చెప్పినప్పుడు కూడా హాల్లోనే కూర్చుని విన్నాడు.

నేను గుమ్మంలో నిలబడ్డాను. మొదటి పేజీలో నేను రాసింది చూశాడో, చూడకుండానే లోపలి పేజీల్లోకి వెళ్లిపోయాడో తెలియదు.

"ఇట్ల రా, ఇది ఇను" అన్నాడు. ఎవరో పిల్లాడు ఎంత చదివినా గుర్తుండడం లేదని అడిగితే రాసిన జవాబు. పైకి చదివాడు. "మబ్బు పట్టిందని వడియాలు పెట్టడం మానేస్తామా? లోపలికి తెచ్చుకుని, మర్నాడు ఎండ రాగానే మళ్లీ ఆరబెడతాం. ఇదీ అంతే. రేపు మళ్లీ ఆరబెట్టు. ఎక్కిందా?"

ఆయన నవ్వాడు. నోరు తెరిచి నవ్వాడు. "వడియాల ముచ్చట సూడు. మిద్దె మీద నీ ఎంబడి తిరిగేటోడు గద, గందుకే తెలుసు బిడ్డకు. ఇంత మంచిగ రాస్తడని నాకు ఎరుకనే లేదే."

ఊరుకుంటే సరిపోయేది. ఆయన మొహంలో ఆ నవ్వు అలాగే ఉండేది. చాలాసేపు చూశాను దాన్ని.

"అది వాడు రాసింది కాదండీ. నేను రాసింది."

ఆయన ఫోను ఒళ్లో పెట్టుకున్నాడు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

"మరి వానిది ఏది?" అన్నాడు. "వాడు ఆఖరికి రాసింది సూపియ్యి."

పక్కన నేల మీద కూర్చుని, నేను రాసినవన్నీ దాటించి, నవంబరు దాకా వెనక్కి జరిపాను. కటకాల గురించి ఎవరో అడిగారు. ప్రణయ్ రెండు వరుసల్లో ఏదో చెప్పి, కింద రాశాడు: "ఇంకా ఎక్కకపోతే చెప్పు. రేపు బొమ్మ గీసి పెడతా."

ఆయన దాన్ని రెండుసార్లు పైకి చదివాడు. రెండోసారి 'రేపు' దగ్గర ఆగిపోయాడు.